తల్లిని చూడకుండా పిల్లని తేవద్దు: జాతికుక్కని కొనేవారికీ, పిల్లలు పెట్టించేవారికీ పర్లాకిమిడి నుంచి ఒక మార్గదర్శి

గుణుపురం పాసింజర్ ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి స్టేషన్‌లో ఆగేసరికి చీకటి పడిపోయింది. ఒక కుర్రాడు దిగి, సంచిలోంచి అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. మిగతా డబ్బు ఫోన్లో వేయించుకుని, బండి కదిలేలోపు మళ్లీ ఎక్కేశాడు. పెట్టెలో ల్యాబ్రడార్ (ల్యాబ్) పిల్ల. వయసు 45 రోజులని చెప్పాడు. ఇంటికొచ్చి నోరు తెరిచి చూస్తే కోరపళ్లు అప్పుడప్పుడే పొడుస్తున్నాయి. అంటే నెల కూడా సరిగ్గా నిండి ఉండదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి. అయిదో రోజు నెత్తురు విరేచనాలు. ఏడో రోజు పోయింది. అప్పటికే మా పిల్లలు దానికి పేరు కూడా పెట్టేశారు. "ఇది మీ ఇంట్లో అంటుకున్నది కాదమ్మా, వస్తూ వస్తూ తెచ్చుకుంది" అన్నారు డాక్టరుగారు. కుక్కపిల్లలకి ఇలా వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. లెక్క సరిపోయింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే అతనడిగిన మొదటి మాట, "మీరేం పెట్టారు దానికి?" రెండోసారి చేస్తే ఎత్తలేదు.

ఆ తర్వాత రెండు ల్యాబ్ ఆడకుక్కల్ని పెంచాను. మొత్తం రెండే కాన్పులు చేయించాను. చుట్టుపక్కల పాతపట్నం, టెక్కలి, కాశీబుగ్గ వాళ్లు కుక్కపిల్ల కొనేముందు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: పిల్లని కాదు, తల్లిని చూసి కొనండి. పిల్లలు పెట్టించేవాళ్లకైతే, తల్లిని ఎవరొచ్చినా చూపించగలిగేలా ఉంచండి. కింద రాసినవన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే.

1. ముందు మన ఎండ, మన ఇల్లు చూసుకోండి

ఫోన్లో నీలికళ్ల హస్కీ వీడియోలు చూసి మనసు పారేసుకున్నవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. మంచులో బండ్లు లాగడానికి పెంచిన కుక్క అది. ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మన వైశాఖంలో, అందులోనూ సముద్రపు ఉక్కపోతలో, దానికి ఏసీ గదే గతి. మన కరెంటు సంగతి మనకు తెలిసిందే. సెయింట్ బెర్నార్డ్ మాట ఎత్తకండి. పైన కోరాపుట్, సెమిలిగుడ వైపు కొండమీద ఉండేవాళ్లకి కాస్త నయం గానీ, అక్కడా నేనైతే వద్దనే అంటాను.

పాత హచ్ ఫోన్ ప్రకటనలో కనిపించిన పగ్‌ని ఇప్పటికీ మా వైపు కొందరు "హచ్ కుక్క" అనే అంటారు. ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే అంత ఖరీదని అమ్మేవాళ్లు "పంచ్ ఫేస్" అని ఒక మాట పుట్టించారు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీదుగా, ముక్కులోంచి వేడిని బయటికి పంపాలి. ముక్కే లేని కుక్క ఎలా రొప్పుతుంది? ఎండలో పది నిమిషాలు నడిపిస్తే నీలంగా మారిన నాలుకని నేను చూశాను. తీసుకోవాలనే అనుకుంటే ముక్కు రంధ్రాలు విశాలంగా ఉన్నదాన్ని, నిద్రలో గురక పెట్టనిదాన్ని, కాస్త మూతి ఉన్నదాన్ని వెతకండి.

మన దేశపు జాతులూ ఉన్నాయి. రాజపాలయం, ముధోల్ హౌండ్ పేర్లు 2005లో తపాలా బిళ్లల మీదికి కూడా ఎక్కాయి. ఎండకి తట్టుకుంటాయి, బొచ్చు తక్కువ. కాకపోతే ఇవి పరిగెత్తే కుక్కలు. మూడు గదుల పోర్షన్‌లో కట్టేస్తే ఇల్లు పీకి పందిరేస్తాయి. తెల్లటి రాజపాలయంలో చెవుడు కనిపిస్తుంటుంది కాబట్టి వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడాలి.

ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్దజాతులు కావాలంటే తుంటి కీలు గురించి అడగాలి. ఆ జాతుల్లో తుంటి బంతి గిన్నెలో సరిగ్గా కూర్చోకపోవడం వంశంలో వచ్చే జబ్బు. చిన్నప్పుడు చాలాసార్లు ఏమీ తెలియదు. నాలుగైదేళ్లకి కుక్క లేవలేక మూలుగుతుంటే అప్పుడు తెలుస్తుంది. పొమరేనియన్ లాంటి చిన్నజాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారుతుంది.

2. కాగితాల సంగతి

పెడిగ్రీ అంటే మా ఊళ్లో చాలామందికి మేత సంచి పేరు. అసలు అర్థం వంశావళి: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్ల తల్లిదండ్రులు ఎవరు అని రాసిన పట్టిక. మన దేశంలో దీన్ని ఎక్కువగా ఇచ్చేది చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అందరూ కేసీఐ అంటారు. తల్లి, తండ్రి రెండూ అక్కడ నమోదై ఉండాలి. ఒక కాన్పులో పుట్టిన పిల్లలందరినీ పెంపకందారే నమోదు చేయించాలి. ప్రతి పిల్లకీ చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్ ఉంటుంది. అందులోని 15 అంకెల నంబరూ సర్టిఫికెట్ మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. స్కానర్ పెట్టి చూపించమని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

"సర్టిఫికెట్ తర్వాత పంపిస్తాం", "పేపర్లు కావాలంటే ఇంకో అయిదు వేలు" అనే రెండు మాటలు విన్నారంటే లేచి వచ్చేయండి. ఆ పిల్ల జాతిది కాదని నేననను. జాతిదే కావచ్చు, కాగితం అబద్ధం కావచ్చు. ఇంకో విషయం, కేసీఐ సర్టిఫికెట్ ఆరోగ్యానికి హామీ కాదు. వంశం ఫలానా అని మాత్రమే అది చెబుతుంది. అయినా నాకది కావాలి. ఎందుకో మగకుక్క దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

రెండో కాగితం ప్రభుత్వానిది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. పిల్లలు పెట్టించి అమ్మేవాళ్లు వాళ్ల రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. సరిహద్దులో ఉన్న మనకి ఇక్కడొక చిక్కుంది. బరంపురంలో కొంటే ఒడిశా మండలి నమోదు చూడాలి, విశాఖలో కొంటే ఆంధ్రా మండలిది చూడాలి. "మాది ఆ రాష్ట్రం, ఇక్కడ రూల్ లేదు" అని అటువాళ్లు ఇటూ, ఇటువాళ్లు అటూ చెప్పడం నేను రెండు వైపులా విన్నాను. నిబంధనలు దేశమంతటికీ ఒకటే.

3. ఇంటికి వెళ్లి చూడండి

ఈ మెట్టు దగ్గరే అందరూ జారిపోతారు. దూరం, సెలవు దొరకదు, వాట్సాప్‌లో ఫొటో ముద్దుగా ఉంది. "మీరెందుకు రావడం, బస్టాండుకి తెచ్చిస్తాం" అనడం పెద్ద మర్యాదలా కనిపిస్తుంది. ఇల్లు చూపించడం ఇష్టం లేనివాడు చేసే మర్యాద అది. సంతలో "కుకుర ఛువా" (ఒడియాలో కుక్కపిల్ల) అని బుట్టలో పెట్టుకుని అమ్మేవాడికీ, ఖరీదైన కారులో తెచ్చిచ్చేవాడికీ ఈ విషయంలో తేడా లేదు.

వెళ్లండి. ముందు ఫోన్లో, "తల్లి అక్కడే ఉంటుందా?" అని అడిగి వెళ్లండి. "తల్లిని మా బావగారింటికి పంపాం" అంటే ప్రయాణం మానుకోండి. పాలిచ్చే తల్లి చుట్టాలింటికి ఎందుకు వెళుతుంది?

గేటు దగ్గరే ముక్కుకి పని చెప్పండి. పిల్లలున్న ఇంట్లో కాస్త వాసన సహజమే. ఘాటైన ఫినాయిల్ వాసన మాత్రం నాకు అనుమానం పుట్టిస్తుంది. పార్వో మీద ఫినాయిల్ పనిచేయదు, ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు మాత్రం అనిపిస్తుంది. తర్వాత తల్లిని చూడండి. పాలిచ్చి చిక్కి ఉంటుంది, బొచ్చు రాలి ఉంటుంది, అవి తప్పులు కావు. మీరు పిల్లల దగ్గరికి వెళితే కాస్త గుర్రుమన్నా, యజమాని మాట వినగానే సర్దుకోవాలి. యజమానిని చూసి తోక కాళ్ల మధ్య పెట్టుకుని ముడుచుకుపోయే తల్లి, పళ్లు చూపిస్తూ మీదికొచ్చే తల్లి, రెండూ ప్రమాదమే. భయం పిల్లలకి రక్తంలోనూ వస్తుంది, చూసి నేర్చుకోవడంలోనూ వస్తుంది. దాని చెవుల్లో, వేళ్ల మధ్య పిడుదులున్నాయేమో చూడండి. పిడుదుల జ్వరం మన తేమ వాతావరణంలో కుక్కల్ని తినేసే జబ్బు.

యజమానిని అడగాల్సినవి: తల్లి వయసెంత, ఇది ఎన్నో కాన్పు, పోయిన కాన్పు ఎప్పుడు? ఆ 2017 నిబంధనల ప్రకారం 18 నెలలు నిండకుండా దాటించకూడదు (మగకుక్కతో కలపకూడదు), 8 ఏళ్లు దాటాక వద్దు, 12 నెలల్లో ఒక కాన్పుకి మించకూడదు, జీవితంలో అయిదుకి మించకూడదు. తడుముకోకుండా చెప్పేవాడు ఎక్కడో రాసిపెట్టుకుని ఉంటాడు.

ఇక పిల్లలు. అన్నింటిలోకి ముందుగా పరిగెత్తుకొచ్చి మీ చెప్పు కొరికేదాన్ని చూసి "ఇదే నన్ను ఎంచుకుంది" అని మురిసిపోకండి. మూల నక్కినదాన్ని చూసి జాలిపడి కూడా తేకండి. మధ్యలో ఉండేది, కాసేపు చూసి, వాసన పట్టి, తర్వాత దగ్గరికొచ్చేది ఇళ్లలో బాగా కలిసిపోతుంది. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. ఒళ్లంతా సన్నగా ఉండి పొట్ట ఒక్కటే కుండలా ఉబ్బితే నులిపురుగులున్నట్టే. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె తగిలితే హెర్నియా, డాక్టరుకి చూపించాలి. మగపిల్లకి 8 వారాలకల్లా రెండు వృషణాలూ కిందికి దిగి ఉండాలి.

మీరు వాళ్లని అడిగినట్టే వాళ్లూ మిమ్మల్ని అడగాలి. ఇంట్లో ఎవరుంటారు, డాబా మీద కట్టేస్తారా, ఊరెళితే ఎవరు చూస్తారు అని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా డబ్బు లెక్కపెట్టుకునేవాడి దగ్గర నేను కొనను.

టీకాల కార్డు మీద తేదీ, టీకా సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం మూడూ ఉండాలి. "రెండ్రోజుల్లో డాక్టరుకి చూపిస్తాను, పుట్టుకతో వచ్చిన లోపమేదైనా తేలితే వెనక్కి తీసుకోవాలి" అని కాగితం మీద రాయించుకోండి. మంచివాళ్లు ఒప్పుకుంటారు.

4. తీసుకురావడం

పొద్దున్నే బయల్దేరండి. రైలైతే పెట్టెలో దాచి బోగీలోకి ఎక్కించడం తప్పు. బ్రేక్ వ్యానులో బుట్టతో బుక్ చేయాలి, లేదా ఫస్ట్ ఏసీ కూపే మొత్తం మనదై ఉండాలి. అందుకే మన దూరాలకి కారే సుఖం. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి. బస్టాండులో, డాబా హోటల్ దగ్గర కింద దించకండి. టీకాలు పూర్తికాని పిల్లకి ఆ నేలే శత్రువు.

మీ ఇంట్లో అంతకుముందు పార్వోతో పిల్ల పోయి ఉంటే ఆగండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు కలిపి గచ్చుమీద పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. పెరట్లో మట్టిని అలా కడగలేం. మేము ఏడాది పైనే ఆగాం.

5. పిల్లలు పెట్టించాలా?

ఇక్కడి నుంచి ఆడకుక్క ఉన్నవాళ్లకి. మొదటి జవాబు: అక్కర్లేదు. "ఒక్క కాన్పైనా చేయిస్తే దాని ఆరోగ్యానికి మంచిది" అని మా వీధిలో అందరూ చెబుతారు. నిజం కాదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి పెద్దయ్యాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది, కాన్పు దాన్ని ఆపదు. డబ్బు కోసమైతే, తుంటి ఎక్స్‌రే, రక్తపరీక్షలు, స్కానింగ్, ఒక సిజేరియన్, ఎనిమిది పిల్లల టీకాలు వరసగా ఒక కాగితం మీద రాసి కూడండి. సిజేరియన్ పడితే బరంపురమో శ్రీకాకుళమో అర్ధరాత్రి కారు కూడా అందులో వేయండి.

నా నియమం ఒకటుంది. ల్యాబ్ అయితే ఏడెనిమిది పిల్లలు పుట్టొచ్చు. దాటించే ముందే కనీసం అయిదు ఇళ్లు ఖాయమవ్వాలి. "చూద్దాంలే మేడమ్" అన్నవాళ్లని లెక్కలోకి తీసుకోను.

6. పరీక్షలు, మగకుక్క

తల్లికి రెండేళ్లు నిండాక తుంటి, మోచేతుల ఎక్స్‌రే తీయించాలి. అంతకంటే ముందు తీస్తే కీళ్ల సంగతి పూర్తిగా తేలదు. పిడుదుల జ్వరానికీ, బ్రూసెల్లాకీ రక్తపరీక్ష. బ్రూసెల్లా కలయికలో అంటుకుంటుంది, గర్భం పోగొడుతుంది, మనుషులకీ రావచ్చు. అందుకే మగకుక్క యజమాని దగ్గర కూడా ఆ రిపోర్టు అడగాలి. అడిగితే ఒకాయన నొచ్చుకున్నాడు. మేము వేరేచోట చూసుకున్నాం. చిన్న ఊళ్లలో ఎక్స్‌రే ఉన్న పశువైద్యశాల దొరకదు. పెద్ద పరీక్షలకి మా వైపు నుంచి గరివిడి పశువైద్య కళాశాల ఒక దారి, లేదంటే భువనేశ్వర్.

సర్టిఫికెట్ ఎందుకు కావాలో ఇక్కడ చెబుతాను. మా వైపు పేరున్న మగ ల్యాబ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరూ ఆ ఒక్కదాని దగ్గరికే తీసుకెళతారు. మూడేళ్లకి దాని కూతుర్ని కూడా, కూతురని తెలియక, దాని దగ్గరికే తెస్తారు. దగ్గర రక్తం కలిస్తే దాగి ఉన్న లోపాలు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పిల్లలో కూడతాయి. పిల్లలు తక్కువ పుడతాయి, బలహీనంగా పుడతాయి. తాత, తండ్రి, అన్నదమ్ములు, కొడుకు, మనవడితో దాటించకూడదని నిబంధనల్లోనూ ఉంది. కాగితం లేకపోతే ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికి తెలుస్తుంది?

స్టడ్ ఫీజు, అంటే మగకుక్క యజమానికి ఇచ్చేది, డబ్బా, పిల్లా అన్నది ముందే రాసుకోండి. పిల్ల అయితే ఎంచుకోవడంలో వాళ్ల వంతు ఎన్నోది, ఒక్కటే పుడితే ఎవరిది, అసలు చూలు కట్టకపోతే మళ్లీ ఒకసారి ఉచితమా? దీని మీద విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

7. ఎద, కలయిక

మొదటి నెత్తురు చుక్క కనపడిన రోజు క్యాలెండర్ మీద రాయండి. సుమారు తొమ్మిది రోజులు మగదాన్ని దగ్గరికి రానివ్వదు. తర్వాత స్రావం రంగు పలచబడుతుంది, నడుం మీద గోకితే తోక పక్కకి తిప్పుతుంది. "పదకొండో రోజు, పదమూడో రోజు" అని అందరూ చెప్పే లెక్క చాలా కుక్కలకి సరిపోతుంది, అన్నింటికీ కాదు. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌కి రక్తపరీక్ష చేయిస్తే రోజు కచ్చితంగా తెలుస్తుంది. నేను మొదటిసారి హడావిడి పడ్డాను. టెక్కలిలో మగకుక్క యజమాని చూసి నవ్వి, "ఏటమ్మా, ఎనిమిదో రోజుకే తెచ్చేశారు? తీసుకెళ్లిపోండి, గురువారం రండి" అన్నారు. డబ్బు తీసుకుని ఊరుకోకుండా వెనక్కి పంపిన మనిషి. అలాంటివాళ్లని వదులుకోకండి.

కలిశాక ముడి పడుతుంది, అంటే రెండూ విడిపోకుండా అలాగే ఉండిపోతాయి. పది నిమిషాల నుంచి అరగంట దాకా ఉండొచ్చు. విడదీయాలని లాగితే రెండింటికీ గాయాలవుతాయి. నీళ్లు పోయకండి, వీధిలో చిన్నపిల్లల్ని గుమిగూడనివ్వకండి. ఎదలో ఉన్నన్నాళ్లూ గోడ దూకి వచ్చే వీధికుక్కల మీద కన్నేసి ఉంచాలి. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం సాధ్యమే.

8. అరవై మూడు రోజులు

గర్భం సుమారు 63 రోజులు. 25 రోజులు దాటాక స్కానింగ్‌లో గుండెలు కొట్టుకోవడం కనిపిస్తుంది. 55 దాటాక ఎక్స్‌రే తీస్తే ఎన్ని పిల్లలో లెక్క తెలుస్తుంది. ఆ లెక్క కాన్పు రాత్రి ప్రాణం నిలబెడుతుంది, ఇంకా లోపల ఉన్నాయా అయిపోయాయా అని తెలియాలి కదా.

మొదటి నెల తిండి పెంచనక్కర్లేదు. చివరి మూడు వారాల్లో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. కాల్షియం సీసాలు తెచ్చి పోయకండి. గర్భంలో అదనంగా పోస్తే ఒళ్లు తన ఎముకల నుంచి కాల్షియం తీసుకునే అలవాటు తప్పుతుంది. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పడేసరికి అందదు. ముఖ్యంగా చిన్నజాతుల్లో కాన్పైన రెండు మూడు వారాలకి వణుకు, బిగుసుకుపోవడం, ఫిట్స్ వస్తాయి. అది అత్యవసరం, నిమిషాల మీద డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మా అత్తగారు చోడి (రాగి) అంబలి పోస్తే బలమనేవారు. ఒక పూట పోసినా నష్టం లేదు గానీ దానితో సరిపెట్టకూడదు. గుడ్డు, ఉడికించిన కోడి, కుక్కపిల్లల మేత పెట్టాలి.

9. ఆ రాత్రి

చివరి వారం రోజుకి రెండుసార్లు వేడి చూడాలి. మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 99 కంటే కిందికి పడిందంటే సాధారణంగా 24 గంటల్లో కాన్పు. తిండి మానేస్తుంది, మూలలు గోకుతుంది, పాత చీరలన్నీ చింపి పోగేస్తుంది. చింపనివ్వండి.

ఒక్కో పిల్ల మధ్య అరగంట, గంట పట్టడం మామూలే. డాక్టరుకి వెంటనే ఫోన్ చేయాల్సినవి ఇవి: అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోవడం, లోపల ఇంకా ఉన్నాయని తెలిసినా రెండు గంటలు కదలిక లేకపోవడం, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనపడడం. మందుల షాపులో నొప్పుల ఇంజెక్షన్ తెచ్చి సొంతంగా చేసేవాళ్లున్నారు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరిగి తల్లి పోవచ్చు.

తల్లి పొర నాకకపోతే మనం చింపాలి. తువ్వాలుతో రుద్దాలి, బొడ్డుతాడు పొట్టకి రెండు వేళ్ల దూరంలో దారంతో కట్టి కోసి అయోడిన్ పెట్టాలి. మొదటి రోజే ముర్రుపాలు అందరికీ అందాలి. నేను ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు ఉన్నిదారం వదులుగా కట్టి, వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకి తూచి పుస్తకంలో రాస్తాను. వారం, పది రోజులకి పుట్టిన బరువు రెట్టింపు కావాలి. ఒక్కరోజు పెరగకపోయినా దాన్ని మంచి పాలున్న వెనక చన్నుకి పట్టించాలి.

వేడి గురించి నాకు తిత్లీ నేర్పింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తుఫాను పలాస దగ్గర తీరం దాటేసరికి మా రోజీ రెండో కాన్పు పిల్లలకి అయిదు రోజులు. బల్బు వేడి మీద ఉన్నాయి. కరెంటు పోయింది, మళ్లీ రోజుల తరబడి రాలేదు. పుట్టిన కొత్తలో పిల్లలు తమ వేడి తాము పుట్టించుకోలేవు. మొదటి వారం వాటి చోటు 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. గ్యాసు మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, తువ్వాళ్లు చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టాం. రెండో పక్క చల్లగా వదిలేయాలి, వేడెక్కువైతే పాకి వెళ్లడానికి. రెండు గంటలకోసారి నేనూ మా ఆయనా వంతులు వేసుకున్నాం. పసుపు దారం పిల్ల చల్లబడిపోయింది. కంగారులో పాలు పట్టబోయాను, మా ఆయన ఆపారు. ఆయన చెప్పిందే నిజం. చల్లబడిన పిల్లకి పాలు పట్టకూడదు, పేగులు పనిచేయవు. ముందు ఒంటికి ఆనించుకుని మెల్లగా వేడెక్కించి, తర్వాతే పాలు. అవీ ఆవుపాలు కావు. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు వాటికి రెట్టింపు ఉంటాయి. డబ్బాలో దొరికే కుక్కపిల్లల పాలపొడి ముందే కొని ఉంచుకోవాలి. ఎనిమిదింట్లో ఏడు మిగిలాయి. పసుపు దారం మిగల్లేదు.

10. ఎనిమిది వారాలు ఎందుకు

మా వైపు నెలరోజులకే అమ్మేస్తారు. కారణం తెలుసు. అప్పుడే పాలు మాని మేత ఖర్చు మొదలవుతుంది, పిల్ల బొమ్మలా ఉంటుంది. కానీ ఆ తర్వాతి నెలలోనే అది కుక్కగా ఉండడం నేర్చుకుంటుంది. తోటి పిల్లని గట్టిగా కొరికితే అది కీచుమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో అలా తెలుస్తుంది. నెలకే వచ్చిన పిల్ల ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసి అలవాటైనవాటికి తర్వాత అంతగా భయపడదు. మిక్సీ, ప్రెషర్ కుక్కర్ విజిల్, గొడుగు, గడ్డం మనిషి, రథయాత్ర డప్పులు, అన్నీ కొంచెం కొంచెంగా చూపిస్తాను, వినిపిస్తాను.

నులిపురుగులు తల్లి కడుపులోనే పిల్లలకి చేరతాయి, పాలలోనూ వస్తాయి. అందుకే రెండో వారం నుంచి రెండేసి వారాలకి, బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులో మందు వేస్తాను. టీకాల గురించి కొనేవాళ్లందరూ అడిగేది, "ఒకసారి వేశారు కదా, మళ్లీ ఎందుకు?" అని. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ అది టీకాని కూడా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ రోజు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6, 8 వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకి, తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం. అది మాత్రం మరిచిపోకండి.

11. పంపించడం

పిల్లతో ఒక ఫైలు ఇస్తాను: సర్టిఫికెట్ లేదా నమోదు రసీదు, టీకాల కార్డు, నులిపురుగుల మందు తేదీలు, తల్లి ఎక్స్‌రే నకలు, రోజుకి నాలుగుసార్లు ఏం పెట్టాలో రాసిన కాగితం, వారానికి సరిపడా అదే మేత. ఒప్పందంలో ఒక వాక్యం తప్పనిసరి: ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే మా ఇంటికే తిరిగి పంపాలి. ఒకటి అలా మూడేళ్ల వయసులో తిరిగొచ్చింది, వాళ్లకి బదిలీ అయి. ఇంకా మా ఇంట్లోనే ఉంది.

పెట్టెలో తల్లి పడుకున్న పాత గుడ్డ ముక్క కూడా పెడతాను. కాశీబుగ్గ వెళ్లిన పిల్ల గురించి మొదటి రాత్రి ఒంటిగంటకి ఫోనొచ్చింది.

"మేడమ్, ఏడుపు ఆపట్లేదండి."

"ఎక్కడ పడుకోబెట్టారు బాబూ?"

"వరండాలోనండి."

"మీరెక్కడున్నారు?"

"లోపలండి."

"పెట్టె తెచ్చి మీ మంచం పక్కన పెట్టుకోండి. చెయ్యి కిందికి వేలాడేయండి, వాసన తగలాలి. నేనిచ్చిన గుడ్డ ఉందా?"

కాసేపు మాట లేదు.

"వాసనొస్తోందని మా అమ్మ ఉతికేసిందండి."

"పర్లేదు. ఇవాళ మీరు కట్టుకున్న లుంగీ ఉతక్కుండా పెట్టండి. రేపు ఉదయం తిండి తిన్నదో లేదో, విరేచనం ఎలా ఉందో చూసి ఏడింటికి నాకు ఫోన్ చేయండి."